విశాఖ చీటీ, ఊరి సూది: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తీవ్ర మానసిక వ్యాధులకు వైద్యం – ఒక పరిశీలన

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎవరికైనా మతి చలిస్తే జబ్బు అనే మాటకన్నా ముందు ‘చిల్లంగి’ అనే మాట వినిపిస్తుంది. గాలి సోకిందంటారు, ఎవరో చేయించారంటారు. భూతవైద్యుడి దగ్గర నెలలు గడిచాక, అప్పులయ్యాక, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు బయలుదేరతారు. ఈ ఆలస్యాన్ని మూఢనమ్మకం ఖాతాలో వేసి ఊరుకోవడం తేలిక. ఆ వివరణ నాకు చాలదు. భూతవైద్యుడు పిలిస్తే ఇంటికొస్తాడు, పదిసార్లు పిలిచినా వస్తాడు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

పైగా ఆ మొదటి ప్రయాణం ఎలాగో జరిగిపోతుంది. కష్టమంతా తర్వాతి ప్రయాణాలది. స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి వ్యాధులకు ఏళ్ల తరబడి మందులు వాడాల్సి రావచ్చు. ఈ జిల్లాల మగవాళ్లు పనుల కోసం హైదరాబాదుకో, చెన్నైకో, మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్‌కో వలసపోతారు. రోగి దగ్గర మిగిలేది చాలాసార్లు ముసలి తల్లి, లేదా భార్య. ఓపీ చీటీని ప్లాస్టిక్ సంచిలో భద్రంగా దాస్తుంది. మాత్రలు అయిపోయేసరికి మనిషి కుదుటపడ్డట్టే ఉంటాడు. కూలి మానుకుని మళ్లీ విశాఖ ఎందుకనిపిస్తుంది. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. ఆమె నిర్లక్ష్యం చేసిందనడం అన్యాయం.

2015–16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్నవారిలో 75.5 శాతం మందికి వైద్యం అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే మన జిల్లాల గురించి మాట్లాడేటప్పుడు ఇతర రాష్ట్రాల అంకెలనే అరువు తెచ్చుకుంటున్నాం.

మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా తేవాలన్న ఆలోచన 1982 నాటి జాతీయ కార్యక్రమంలోనే ఉంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు తొలి నాలుగు జిల్లాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లింది: వైద్యం హక్కు అంది, సమాజం మధ్య బతకడం హక్కు అంది, హాఫ్‌వే హోములు, పునరావాస సేవలు ప్రభుత్వ బాధ్యత అంది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 95వ సెక్షన్ నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివుంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ నిషేధాన్ని చదివేటప్పుడు ఆ ఘటన గుర్తుండాలి.

అయితే జిల్లా కేంద్రంలో ఓపీ తెరిచినంత మాత్రాన ఇచ్ఛాపురానికో, గిరిజన గూడేలకో దూరం తీరదు. ఊళ్లో మనిషి కావాలి. 2014లో లాన్సెట్‌లో వెలువడిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. కాంచీపురం, గోవా, సతారాల్లో 282 మంది స్కిజోఫ్రెనియా రోగులతో చేసిన ఆ ప్రయోగంలో, డాక్టరు వైద్యానికి తోడు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు కొందరి ఇళ్లకు వెళ్లారు. మేలు ఒక మోస్తరుదే. కానీ మిగతా చోట్లకన్నా కాంచీపురం పల్లెల్లో ఎక్కువ కనిపించింది.

ఊళ్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమైన మన విలేజ్ క్లినిక్‌కి ఇందులో చేయదగ్గ పని చాలా ఉంది. స్కిజోఫ్రెనియాకు వాడే ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ సూదినే తీసుకుందాం. నువ్వుల నూనెలో కలిపిన మందు, చిక్కగా ఉంటుంది. కాస్త లావు సూదితో, తడి లేని సిరంజితో కండలోకి లోతుగా ఇవ్వాలి. తడి తగిలితే మందు మసకబారుతుంది. ఒకసారి ఇస్తే రెండు నుంచి నాలుగు వారాలు పనిచేస్తుంది. సరిపడే రోగికి డాక్టరు ఒకసారి నిర్ణయించాక, ప్రతి సూదికీ విశాఖ పోనక్కర్లేదు. శిక్షణ ఉన్న నర్సు ఇవ్వగలదు. చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకోవడం గమనించి డాక్టరుకు చెప్పగలదు.

లిథియం సంగతి మరింత సున్నితం. బైపోలార్‌కి అది మంచి మందు. అయితే ఒంట్లోంచి బయటకు పోయేది మూత్రపిండాల ద్వారానే. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో అంతుచిక్కని కిడ్నీ వ్యాధి దశాబ్దాల బాధ. ఎండలో తోటపని చేసి చెమటలు కక్కే మనిషి సాయంత్రం ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకుంటే, రక్తంలో లిథియం ప్రమాదస్థాయికి పెరగవచ్చు. వాంతులు, తూలడం, మాట తడబడడం మొదలవుతాయి. ఊళ్లో దాన్ని మళ్లీ పిచ్చనే అనుకుంటారు, లేదా తాగాడంటారు. ఉద్దానంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట అక్షరం రానివాళ్లకూ తెలుసు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. రక్తపరీక్ష ఇంత దగ్గరగా ఉన్నచోట మానసిక రోగి దానికి దూరంగా ఉండిపోవడం నా దృష్టిలో క్షమించరానిది.

పింఛను గురించీ ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని గుర్తించింది. 2024 జులై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరం రోజున నిలకడగా కనిపించిన మనిషిని చూసి, ఏడాదిలో ఎన్ని నెలలు పనికి పోలేకపోయాడో అడగకుండా వైకల్య శాతం వేయకూడదు.

శ్రీకాకుళం జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. ఉద్దానంలో లిథియం వాడుతున్నవారెవరో విలేజ్ క్లినిక్‌ల వారీగా జాబితా రాయించండి. వచ్చే ఎండాకాలానికి ముందే వాళ్లందరికీ క్రియాటినిన్, లిథియం పరీక్షలు చేయించండి.