మిల్లులకు ముందే వచ్చిన నీటిదారి

ఉత్తర ఇంగ్లండ్‌లో పెన్నైన్ కొండలను దాటుకుంటూ సాగే లీడ్స్–లివర్‌పూల్ కాలువ పొడవు 127 మైళ్లు, అంటే సుమారు 204 కిలోమీటర్లు. 1770లో పార్లమెంటు అనుమతితో మొదలైన దాని నిర్మాణం 1816లో గానీ పూర్తి కాలేదు. ఈ కాలువ మీద సాల్టేర్ నుంచి స్కిప్టన్ వరకు ఉన్న సుమారు 16 మైళ్ల దూరం, పడవ వేగం గంటకు 4 మైళ్లు మించరాదన్న నియమం వల్లా, దారిలోని లాకుల వల్లా, ఒక పగటి ప్రయాణం అవుతుంది. పడవ ముందుకు సాగేకొద్దీ కాలం వెనక్కి నడవడం ఈ ప్రయాణంలోని విశేషం.

సాల్టేర్‌లో కాలువ ఒడ్డునే నిలిచిన మిల్లును టైటస్ సాల్ట్ 1853లో ప్రారంభించాడు. దక్షిణ అమెరికాలో పెంచే అల్పాకా అనే జంతువు ఉన్నితో మెరిసే బట్ట నేయించి సంపన్నుడైన ఈ వ్యాపారి, పొగతో నిండిన బ్రాడ్‌ఫర్డ్ నగరాన్ని విడిచి, ఒక వైపు కాలువ, మరొక వైపు రైలుమార్గం ఉన్న స్థలాన్ని ఎంచుకున్నాడు. కార్మికుల కోసం 800కు పైగా ఇళ్లు, ప్రార్థనాలయం, బడి, ఆసుపత్రి కట్టించాడు. 2001లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

సాల్టేర్ దాటాక డౌలీ గ్యాప్ దగ్గర కాలువ ఏడు కమానుల అక్విడక్టు (నీటి వంతెన) మీదుగా, కోనసీమలో పి.గన్నవరం వద్ద కాలువ గోదావరి వైనతేయ పాయను దాటినట్టే, ఎయిర్ నదిని దాటుతుంది. ఆ తర్వాత బింగ్లీలో, 1774లో ప్రారంభమైన అయిదు మెట్ల లాకు ఎదురవుతుంది. ఎగువ, దిగువ నీటిమట్టాల మధ్య తలుపులు బిగించిన రాతి గదిని లాకు అంటారు; ఇక్కడ అలాంటి అయిదు గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం వల్ల కింది గది ఎగువ తలుపే పై గదికి దిగువ తలుపు అవుతుంది. అట్టడుగు గది ఖాళీగానూ, పై నాలుగూ నిండుగానూ ఉంటే తప్ప పడవ ఎక్కడం మొదలుకాదు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, పై గదిలోని నీటిని కిందికి వదిలితే రెండు మట్టాలూ సమానమై మధ్య తలుపులు తెరుచుకుంటాయి. ఇలా గది వెంట గది దాటుతూ, లాకు కాపలాదారు అజమాయిషీలో, పడవ దాదాపు 59 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. ఆవిరియంత్రం మీద గానీ విద్యుత్తు మీద గానీ ఆధారపడని ఈ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

అక్కడి నుంచి గార్‌గ్రేవ్ దాకా సుమారు 17 మైళ్లు ఒక్క లాకూ లేదు. కొండవాలు ఒంపులను అనుసరించి ఒకే మట్టంలో తవ్విన ఆ కాలువ మీద, సిల్స్‌డెన్ వంటి ఊళ్లను దాటుతూ, అడ్డు వచ్చిన తిరుగుడు వంతెనలను ఒడ్డుకు దిగి తిప్పుకుంటూ సాగితే స్కిప్టన్ వస్తుంది. 1773 ఏప్రిల్‌లో బింగ్లీ–స్కిప్టన్ భాగం తెరుచుకుని, బొగ్గుతో రెండు పడవలు ఈ ఊరు చేరినప్పుడు, ఆ బొగ్గు అంతకుముందు ధరలో సగానికే అమ్ముడుపోయింది. ఎయిర్ నది లోయలో తర్వాతి తరాల్లో వెలసిన ఆవిరి మిల్లుల రహస్యం ఆ ధరలోనే ఉంది: బాయిలర్లకు బొగ్గు, ఆవిరిని చల్లార్చడానికి నీరు, సరుకుకు రవాణా, మూడూ కాలువ గట్టునే దొరికాయి. కాబట్టి మిల్లుల కోసం కాలువ పుట్టిందనడం కంటే, కాలువను చూసుకుని మిల్లులు వచ్చాయనడమే ఈ లోయకు సరిగ్గా వర్తిస్తుంది.

సాల్టేర్ మిల్లులో ఉత్పత్తి 1986లో నిలిచిపోగా, మరుసటి ఏడు జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి దానిని కొని, చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చిత్రాలకు నెలవుగా మార్చాడు. సరుకు రవాణా పోయినా పూడిక తీస్తూ, తలుపులు మారుస్తూ నీటిదారిని కాపాడుకోవడం వల్లనే విహార పడవలకు అది నేటికీ దారి ఇస్తోంది. ఒకప్పుడు ధాన్యం పడవలతో కళకళలాడిన గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలకూ, వాటి పాత లాకులకూ ఇంతటి శ్రద్ధ దక్కాలి. అవి సాగునీటి పనిముట్లు మాత్రమే కావు, తెలుగు నేల వాణిజ్య చరిత్రకు నిలువెత్తు సాక్ష్యాలు కూడా.