అయితే, అయితేనే

మన మదరసాల్లో దర్సె నిజామీ చదివినవాళ్లకు మంతిఖ్ కొత్త కాదు. 13వ శతాబ్దపు అబ్‌హరీ రాసిన ‘ఈసాగోజీ’తో మొదలై, 1707లో వఫాత్ అయిన ముహిబ్బుల్లా బిహారీ ‘సుల్లముల్ ఉలూమ్’ దాకా సాగేది ఆ సబఖ్. అందులో ఉస్తాద్‌లు పదే పదే చెప్పే మాట ఒకటుంది. దలీల్‌కు సూరత్ వేరు, మాద్దా వేరు. సూరత్ అంటే దలీల్ అల్లిక. మాద్దా అంటే అందులో వేసిన సంగతులు. అల్లిక ఎంత పక్కాగా ఉన్నా, వేసిన సంగతి తప్పయితే నతీజా మీద భరోసా ఉండదు.

ఈ పాత తేడా కంప్యూటర్ల తారీఖ్‌లోకి కొత్త వేషంలో వచ్చింది. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్‌లో అలెన్ కోల్మెరౌర్, ఫిలిప్ రూసెల్ ‘ప్రోలాగ్’ అనే భాష తయారుచేశారు. దాని వెనక ఉన్న మంతిఖ్‌లో రాబర్ట్ కొవాల్‌స్కీది పెద్ద హిస్సా. మామూలు ప్రోగ్రాములో ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని హుకుం ఇస్తాం. ప్రోలాగ్‌లో ఏది నిజమో చెప్తాం, అంతే. ‘ఒకరి తండ్రికి తండ్రి అయితే, అతను వాళ్లకు దాదా.’ ఇది ఒక రూల్. ఎవరు ఎవరికి తండ్రో రాసి ఇస్తే, దాదాలను మిషనే వెతికి పెడుతుంది. రాసిన ప్రతి రూల్ నిజమైతే, ‘అవును’ అని వచ్చే ప్రతి జవాబూ నిజమే. దీన్ని గణితంలా రుజువు చెయ్యొచ్చు. దాదా రూల్‌ను ఒకసారి రాసిపెట్టుకుంటే ఇటుకలా ఎత్తుకెళ్లి ఇంకో ప్రోగ్రాములోనూ పేర్చుకోవచ్చు అనిపిస్తుంది.

అనిపించడం వేరు, అవడం వేరు. అది తేలిన చోటు లండన్.

ఇంపీరియల్ కాలేజీలో మారెక్ సెర్గాట్, కొవాల్‌స్కీ, ఇంకో నలుగురు కలిసి బ్రిటన్ పౌరసత్వ ఖానూన్‌ను ప్రోలాగ్ రూల్స్‌గా రాశారు. ఆ ఖానూన్ 1981 నాటిది, అమల్లోకి వచ్చింది 1983 జనవరి 1న. వాళ్ల వ్యాసం 1986లో అచ్చయింది. ఖానూన్ మొదటి సెక్షన్ చూస్తే ప్రోలాగ్ కోసమే రాశారా అనిపిస్తుంది: ఆ తేదీ తర్వాత బ్రిటన్‌లో పుట్టి, పుట్టేనాటికి తల్లో తండ్రో బ్రిటిష్ పౌరులైతే, లేదా అక్కడ స్థిరపడినవాళ్లయితే, ఆ బిడ్డ బ్రిటిష్ పౌరుడు.

ఇప్పుడు ‘తండ్రి’ అనే ఇటుకను చూడండి. ఖాందాన్ లెక్కల కోసం వేరే ఎక్కడో రాసిన రూల్‌ను తెచ్చి ఇక్కడ పెడితే ప్రోగ్రాము తప్పయిపోతుంది. ఎందుకంటే ఆ ఖానూన్ 50వ సెక్షన్ ప్రకారం, బిడ్డను కన్న ఆడమనిషి ఎలాగూ తల్లే గానీ, నికా లేకుండా పుట్టిన బిడ్డకు కన్నవాడు ఖానూన్ కళ్లలో తండ్రి కాడు. 2006 జూలై 1న గానీ ఇది మారలేదు. ఇటుకలో లోపం లేదు. దాని షరతులు వెంట రాలేదు.

ఇంతకన్నా లోతైన చిక్కు ‘కాదు’ అనే మాటలో ఉంది. ప్రోలాగ్ ‘అవును’ను సబూత్‌తో చెప్తుంది. ‘కాదు’ను మాత్రం వెతికి, దొరక్కపోతే చెప్తుంది. దొరకలేదు కాబట్టి కాదు! 1978లో కీత్ క్లార్క్ దీన్ని మంతిఖ్ తరాజులో తూచాడు. ఈ పద్ధతి సహీ అవ్వాలంటే, మనం ‘అయితే’ అని రాసిన ప్రతి రూల్‌నూ ‘అయితేనే’ అని చదువుకోవాలని తేల్చాడు. తెలుగులో అదంతా ఒక్క ‘నే’లో ఉంది. రాసిందే సర్వం, బయట ఇంకేమీ లేదు అని ఖరారు చేసే ‘నే’ అది.

రైల్వే టైంటేబుల్‌కు ఆ ‘నే’ చెల్లుతుంది. అందులో లేని బండికోసం స్టేషన్‌లో కూర్చోం. జనన రిజిస్టర్‌కు చెల్లుతుందా? పోలీస్ యాక్షన్ అయిన ఏడాది పుట్టాననో, దానికి రెండేళ్లు చిన్ననో చెప్పుకునే నానీలు మన ఇళ్లల్లో ఉన్నారు. దాయీ చేతిలో పుట్టినవాళ్లకు కాగజ్ ఎక్కడిది? రిజిస్టర్‌లో లేరు కాబట్టి పుట్టలేదని ఎవరూ అనరు.

ఖానూన్ రాసేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. అదే బ్రిటిష్ మొదటి సెక్షన్‌లో, దేశంలో వదిలేయబడి దొరికిన పసిబిడ్డకు ఇంకో ఏర్పాటుంది. వేరేలా సాబిత్ కానంతవరకు ఆ బిడ్డను అక్కడి పౌరుల బిడ్డగానే చూడాలి. ఇక్కడ దొరకని సబూత్ మనిషి వైపు నిలబడింది. మన ఫిఖాలో ‘లఖీత్’ బాబ్ చదివినవాళ్లకు ఇది తెలిసిన దారే. 12వ శతాబ్దపు మర్గీనానీ ‘హిదాయా’లో దొరికిన బిడ్డ ఆజాద్ అనే లెక్క. గులామ్ అని ఎవరైనా దావా వేస్తే, సబూత్ తేవాల్సింది దావా వేసినవాడు.

ప్రోగ్రాము రెండు వైపులా ఒకేలా నడుస్తుంది. సబూత్ లేనప్పుడు ఎవరి వైపు మొగ్గాలన్నది సూరత్ చెప్పదు. అది మనుషులు ముందే తీసుకున్న ఫైసలా.

అస్సాంలో ఎన్‌ఆర్‌సీ ప్రోలాగ్‌లో రాసింది కాదు. కానీ 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందరి కాగజ్‌లు, వాటికి కలిపే ఖాందాన్ షజరా, వాటిని సరిపోల్చే కంప్యూటర్లు, అంతా రూల్స్ మీదే నడిచింది. దానికి పైన 1946 నాటి ఫారినర్స్ యాక్ట్ 9వ సెక్షన్ ఉండేది. విదేశీ కాదని నిరూపించుకోవాల్సిన భారం ఆ మనిషి మీదే పెట్టింది ఆ సెక్షన్. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 3.3 కోట్ల మంది. 2019 ఆగస్టు 31న వచ్చిన ఆఖరి జాబితాలో చోటు దొరకనివాళ్లు 19,06,657 మంది. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఒకే ఇంట్లో తల్లి పేరుండి కొడుకు పేరు లేని ఇళ్లున్నాయి.