మెథడోన్ చికిత్స

మెథడోన్ చికిత్స అనగా హెరాయిన్, నల్లమందు, మార్ఫిన్ వంటి పదార్థాలకు బానిసలైనవారికి, వాటికి బదులుగా మెథడోన్ అనే కృత్రిమ ఔషధాన్ని వైద్యుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులో, ప్రతిదినము నోటి ద్వారా ఇచ్చే వైద్య విధానము. గసగసాల కాయకు గాటు పెట్టగా కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. దాని నుండి మార్ఫిన్, మార్ఫిన్ నుండి హెరాయిన్ తయారవుతాయి. వీటినీ, వీటివలెనే పనిచేసే కృత్రిమ మందులనూ కలిపి ఓపియాయిడ్లు అంటారు. మెథడోన్ కూడా ఓపియాయిడే. అందువలన "ఒక మత్తు మాన్పించడానికి మరొక మత్తు ఇవ్వడమేమిటి?" అనే ప్రశ్న ఈ చికిత్స మొదలైననాటి నుండి వినబడుతూనే ఉన్నది. ప్రశ్న సహేతుకమైనదే. దానికి జవాబు ఆ మందు శరీరంలో పనిచేసే తీరులో దొరుకుతుంది.

చరిత్ర

మెథడోన్‌ను 1930ల చివరలో జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ సంస్థకు చెందిన రసాయన శాస్త్రజ్ఞులు మాక్స్ బాక్‌మ్యూల్, గుస్తావ్ ఎర్హార్ట్ తయారుచేశారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అది అమెరికాలో నొప్పి నివారిణిగా వాడుకలోకి వచ్చింది. అక్కడి వ్యాపారనామం డోలోఫిన్ హిట్లర్ పేరైన అడాల్ఫ్ నుండి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది కాని అది నిజం కాదు. ఆ పేరు యుద్ధం ముగిశాక అమెరికన్ కంపెనీ పెట్టినది.

వ్యసన చికిత్సలో దీనికి స్థానం కల్పించినవారు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ వైద్యుడు విన్సెంట్ డోల్, మనోవైద్యురాలు మేరీ నైస్వాండర్. 22 మంది హెరాయిన్ బానిసలకు ఈ మందు ఇచ్చి చూసిన ఫలితాలను వారు 1965లో ప్రకటించారు. వ్యసనాన్ని శీల దోషంగా కాక, మధుమేహం వలె దీర్ఘకాలం మందు అవసరమయ్యే వ్యాధిగా చూడాలన్నది వారి వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

పనిచేయు విధానము

సూదితో ఎక్కించుకున్న హెరాయిన్ క్షణాలలో మెదడును చేరుతుంది, కొన్ని గంటలలో దిగిపోతుంది. దిగగానే ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు, ముక్కు వెంట కంటి వెంట నీరు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఆ బాధ తప్పించుకోవడానికే మనిషి రోజుకు మూడు నాలుగు సార్లు మళ్ళీ మత్తు కోసం పరుగెడతాడు. అప్పటికి సుఖం మాట మరచిపోయి చాలాకాలమై ఉంటుంది. మెథడోన్ మెదడులోని అవే గ్రాహకాలకు అతుక్కుంటుంది కాని నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. సరిపడిన మోతాదు ఒకసారి తాగితే సుమారు ఒక రోజు బాధ ఉండదు, మత్తు కూడా అంతగా తెలియదు. పనికి వెళ్ళవచ్చును.

ప్రయోజనాలు

ఈ చికిత్స వలన హెరాయిన్ వాడకం, సూదులు పంచుకోవడం, వాటి ద్వారా వచ్చే హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు తగ్గుతాయని అనేక దేశాల అధ్యయనాలలో తేలింది. మరణాల లెక్క అన్నిటికన్నా స్పష్టమైనది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్షలో లక్ష మందికి పైగా మెథడోన్ రోగుల వివరాలు ఉన్నాయి. 1000 మందిని ఒక సంవత్సరం గమనించినట్లుగా లెక్కవేస్తే, చికిత్సలో ఉన్న కాలంలో సుమారు 11 మంది, చికిత్స నుండి బయట ఉన్న కాలంలో సుమారు 36 మంది మరణించారు. గర్భిణులకు కూడా మందు హఠాత్తుగా మాన్పించుటకంటె చికిత్స కొనసాగించడమే క్షేమమని వైద్యులు భావిస్తారు. పుట్టిన బిడ్డకు కొన్నాళ్ళు మానివేత లక్షణాలు కనబడవచ్చును, వాటికి చికిత్స ఉన్నది.

ప్రమాదాలు

మెథడోన్ దీర్ఘకాలం నిలిచే గుణమే దాని ప్రమాదానికి కూడా మూలం. శరీరం నుండి సగం మందు పోవడానికి పట్టే కాలం మనిషిని బట్టి 8 గంటల నుండి 59 గంటల వరకు మారుతుంది. నిన్నటి మందు పూర్తిగా పోకముందే నేటి మోతాదు చేరుతుంది కనుక మొదటి రోజులలో అది రక్తంలో పోగుపడుతుంది. మొదటి రోజు ఏమీ కానివాడికి నాలుగవ రోజు అదే మోతాదుతో ఊపిరి మందగించవచ్చును. అందుకే 20–30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, సాధారణంగా 60–120 మిల్లీగ్రాముల స్థాయికి నిదానంగా పెంచుతారు. మొదటి నాలుగు వారాలు, చికిత్స మానిన తరువాతి నాలుగు వారాలు ప్రాణాపాయం ఎక్కువగా ఉండే కాలం. మానినవారి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది, ఆ సంగతి తెలియక పూర్వం వలె హెరాయిన్ తీసుకుంటే మరణం సంభవించవచ్చును.

మద్యము, నిద్రమాత్రలు దీనితో కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది. కొందరిలో గుండె లయ తప్పుతుంది కనుక అవసరాన్ని బట్టి ఇ.సి.జి. తీస్తారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మెథడోన్‌ను త్వరగా విరిచివేస్తుంది. అప్పటివరకు కుదురుగా ఉన్న రోగికి ఉన్నట్టుండి మానివేత బాధలు వస్తాయి. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. మలబద్ధకం, చెమటలు సామాన్యం. ఇంట్లో ఉంచిన మందు పిల్లలు తాగితే కొద్ది మోతాదే ప్రాణాంతకం కావచ్చును. కంటిపాప సూదిమొనంత కుదించుకుపోవడం, గురక వంటి శ్వాస, లేపినా లేవకపోవడం అధిక మోతాదుకు గుర్తులు. విరుగుడు మందు నలోక్సోన్. దాని ప్రభావం మెథడోన్ కంటె ముందే తీరిపోతుంది కనుక తేరుకున్న రోగిని కూడా ఆసుపత్రిలోనే ఉంచి గమనించాలి.

ప్రతిదినము కేంద్రానికి వచ్చి నర్సు ఎదుట మందు తాగాలనే నియమం రక్షణ కోసం పెట్టినదే. ఆచరణలో అది పెద్ద భారం. నెల్లూరులో అటువంటి కేంద్రం ఉన్నదనుకున్నా, మైపాడు నుండి రోజూ 20 కిలోమీటర్లకు పైగా వెళ్ళి రావాలంటే కూలివానికి పూట పని పోతుంది. వేటకు వెళ్ళి కొన్ని రోజులు సముద్రం మీద ఉండే మత్స్యకారునికైతే అది సాధ్యమే కాదు. వరుసగా మూడు రోజులకు మించి తప్పినవారికి పాత మోతాదు అలాగే ఇవ్వడం ప్రమాదకరం, తగ్గించి మళ్ళీ పెంచుకుంటూ రావాలి.

భారతదేశంలో

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన మెథడోన్ మన దేశంలో చాలాకాలం అందుబాటులో లేదు. 2012లో పంజాబ్‌లోని కపుర్తలా మొదలైన కొద్ది చోట్ల ప్రయోగాత్మకంగా ఇవ్వడం ఆరంభించారు. 2014 సవరణ తరువాత ఇది అత్యవసర మాదక ఔషధాల వర్గంలో చేరి అనుమతులు కొంత సులభమయ్యాయి. అయినను ఇక్కడ ఎక్కువగా ఇచ్చేది నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్. మోతాదు ఒక స్థాయి దాటాక దాని ప్రభావం పెరగదు కనుక ఊపిరి ఆగే భయం తక్కువ. మెథడోన్‌లో రోగులు చికిత్స మానకుండా ఎక్కువ కాలం నిలబడతారు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవారు సుమారు 2.26 కోట్లు, వారిలో సహాయం అవసరమైనవారు సుమారు 77 లక్షలు.

ఆంధ్ర ప్రదేశ్‌లో వ్యసనం అనగానే మద్యమే గుర్తుకు వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన ఉద్యమం ఫలితంగా 1993లో సారా, 1995లో మద్యం నిషేధించబడ్డాయి. 1997లో మద్యనిషేధం సడలింది. సరఫరాను ఆపడం వేరు, అలవాటు పడిన శరీరానికి వైద్యం చేయడం వేరు. మెథడోన్ ఈ రెండవదానికి సంబంధించినది. పైగా అది ఓపియాయిడ్ వ్యసనానికి మాత్రమే పనికివస్తుంది. మద్యానికి, గంజాయికి ఇది మందు కాదు, తాగుడు ఉన్నవారికి అపాయం కూడా.

ఎంతకాలం వాడాలన్నదానికి నిర్ణీత గడువు లేదు. కొందరు ఏళ్ళ తరబడి, కొందరు జీవితాంతం వాడతారు. మానదలచినవారికి వైద్యుల పర్యవేక్షణలో నెలల పాటు కొద్దికొద్దిగా మోతాదు తగ్గిస్తారు. మత్తు విముక్తికి సంబంధించిన సలహాల కొరకు కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 14446.