ఉదాసీకి అయస్కాంతం: ప్యారిస్ తీగచుట్ట నుంచి యానాం గడప దాకా

డిప్రెషన్‌కి అయస్కాంతంతో ఇలాజ్ వచ్చిందట అన్న మాట ఇప్పుడు గోదావరి ఒడ్డున కూడా వినిపిస్తోంది. దాని పూర్తి పేరు ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. డాక్టర్లు టీఎంఎస్ అంటారు. కొందరు దీన్ని కరెంటు షాక్ అనుకుని భయపడుతున్నారు, ఇంకొందరు కరామత్ అనుకుని ఆశపడుతున్నారు. ఈ ఇలాజ్ తారీఖ్ తెలిస్తే ఆ భయం తగ్గుతుంది, ఆ ఆశ కూడా కొలతలోకి వస్తుంది. పైగా ఆ తారీఖ్‌లో ఒక ముక్క ఫ్రెంచి వాళ్లది, అంటే ఒకప్పుడు మన యానాంని ఏలిన వాళ్లది.

ముందు జబ్బు సంగతి. మన ఇళ్లలో ఎవరైనా నెలల తరబడి మాట్లాడక, తినక, నిద్రపోక మూలన కూర్చుంటే సాయా పట్టిందంటారు, నజర్ తగిలిందంటారు. మరీ తెలిసినవాళ్లు ఈమాన్ తక్కువైందంటారు. కానీ 850లో పుట్టి 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్-బల్ఖీ అనే ఆలిమ్ ఈ ఉదాసీని రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి, వజహ్ తెలిసిన గమ్: మనిషి పోవడం, ఆస్తి పోవడం లాంటిది. రెండోది, ఏ వజహ్ కనపడకుండా కమ్ముకునేది. దాని మూలం శరీరంలో ఉంటుంది కాబట్టి శరీరానికీ ఇలాజ్ చెయ్యాలన్నాడు. మన హకీములు మాలిఖూలియా అన్నది కూడా ఇలాంటి జబ్బునే. అంటే దీన్ని జబ్బుగా చూడడం నిన్న మొన్న ఇంగ్లీషు డాక్టర్లు తెచ్చిన ఫ్యాషన్ కాదు. వెయ్యేళ్ల పైబడిన మాట.

తలకి కరెంటు తాకించడం కూడా పాత ఆలోచనే. రోమన్ల కాలంలోనే తలనొప్పికి విద్యుత్ పుట్టించే చేపని నుదుటి మీద పెట్టేవాళ్లు. ఆ చేపని అరబ్బీలో రఆదా అన్నారు. ఇబ్నె సీనా అల్-ఖానూన్‌లోనూ ఆ చేప ప్రస్తావన ఉంది.

ఇక అయస్కాంతం. 1778లో మెస్మర్ అనే వైద్యుడు ప్యారిస్ చేరి, మనుషుల్లో ఒక అయస్కాంత శక్తి ప్రవహిస్తుందని, దాన్ని సరిచేస్తే రోగాలు పోతాయని దావా చేశాడు. జనం ఎగబడ్డారు. 1784లో ఫ్రెంచి రాజు కమిషన్ వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోసియే ఉన్నారు. వాళ్లు చేసిన పరీక్ష తేలికైనదే. మరీజ్ కళ్లకి గంతలు కట్టి, ఏమీ చెయ్యకుండానే చేశామన్నారు. వాళ్లు ఊగిపోయారు. చేసి చెప్పకపోతే ఏమీ కాలేదు. ఆ శక్తి లేదని, పనిచేసింది ఊహేనని తేల్చారు. ఇప్పటికీ ఏ కొత్త ఇలాజ్‌నైనా ఇలాగే ఉత్తుత్తి ఇలాజ్‌తో పోల్చి చూడాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

1831లో ఫారడే అసలు సూత్రం పట్టుకున్నాడు. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుంది. తీగ బదులు దిమాగ్ ఉంటే? 1896లో ప్యారిస్‌లో దార్సొన్వాల్ అనే శాస్త్రవేత్త పెద్ద తీగచుట్టలో తల పెట్టించి చూశాడు. వాళ్లకి కళ్ల ముందు మెరుపులు కనిపించాయి, తల తిరిగింది. అప్పటికి యానాం ఫ్రెంచి హుకూమత్‌లోనే ఉంది, 1954 జూన్ దాకా ఉంది. చుట్టూ ఉన్న బ్రిటిష్ ఇలాఖాలో ఆ కాలపు మానసిక రోగులకి 1871లో మొదలైన వాల్తేరు పిచ్చాసుపత్రే దిక్కు. ఆ పేరే మనవాళ్ల నోళ్లలో తిట్టుగా మిగిలిపోయింది. ఈ రోజుకీ డాక్టర్ దగ్గరికి పోవడానికి అడ్డుపడే షరమ్‌లో ఆ తిట్టు పాలు చాలా ఉంది.

1938లో రోమ్ నగరంలో కరెంటు షాక్ ఇలాజ్ మొదలైంది. టీఎంఎస్‌ని దానితో కలపకండి. షాక్ ఇలాజ్‌లో మత్తిచ్చి, కావాలనే మూర్ఛ తెప్పిస్తారు. తీవ్రమైన డిప్రెషన్‌కి అది నేటికీ బలమైన ఇలాజే. టీఎంఎస్‌లో మత్తు లేదు, మూర్ఛ తెప్పించరు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద చిన్న తీగచుట్ట పెట్టి, మీట నొక్కితే చేతివేళ్లు కదిలేలా చేసింది. 1990లలో మార్క్ జార్జ్ తదితరులు దాన్ని డిప్రెషన్‌కి వాడి చూశారు. 2008లో అమెరికా ఔషధ సంస్థ ఇజాజత్ ఇచ్చింది. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల ఇది దొరుకుతోంది.

కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుంది? మొదటి రోజు బొటనవేలు ఎంత శక్తికి కదులుతుందో చూసి మీ మోతాదు లెక్క కడతారు. తర్వాత చుట్టని ఎక్కువగా ఎడమ నుదుటి పైభాగాన ఆనిస్తారు. టకటకమని వడ్రంగిపిట్ట పొడిచినట్టు శబ్దం వస్తుంది, అందుకే చెవుల్లో బిరడాలు పెడతారు. పాత పద్ధతిలో 37 నిమిషాలు పట్టేది, కొత్త పద్ధతిలో 3 నిమిషాలే. వారానికి 5 రోజులు, 4 నుంచి 6 వారాలు. అయ్యాక లేచి మీ పనికి మీరు వెళ్లొచ్చు. మొదటి వారంలో ఫాయిదా కనపడలేదని మానేయకండి. చాలామందికి రెండు మూడు వారాల తర్వాతే తేడా తెలుస్తుంది.

ఎంతమందికి నయమవుతుంది? 2010లో వచ్చిన అమెరికా పరీక్షలో అసలు ఇలాజ్ అందినవాళ్లలో 14 శాతం మందికి జబ్బు లక్షణాలు దాదాపు పోయాయి. ఉత్తుత్తి ఇలాజ్ అందినవాళ్లలో 5 శాతం మందికే పోయాయి. అంటే మెస్మర్ ఓడిన పరీక్షలో ఇది గెలిచింది, కానీ భారీగా కాదు. 2018లో 414 మంది మీద కెనడాలో చేసిన పరీక్షలో 3 నిమిషాల పద్ధతి పాతదానికి తీసిపోలేదు. రెండు పద్ధతుల్లోనూ సుమారు సగం మంది బాగా తేరుకున్నారు. కాకపోతే అందులో ఉత్తుత్తి ఇలాజ్‌తో పోలిక లేదు. బాగైన తర్వాత జబ్బు తిరగబెట్టడం కూడా ఉంది. మందులు మనసుకొచ్చినట్టు ఆపకూడదు.

నుక్సాన్ సంగతి. తలనొప్పి, పెట్టిన చోట మంట మామూలే, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి. మూర్ఛ రావడం చాలా అరుదు, కానీ లేకపోలేదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన యంత్రం ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు. పేస్‌మేకర్ ఉంటే, గతంలో మూర్ఛ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. నిద్ర తక్కువైతే మూర్ఛ ప్రమాదం పెరుగుతుంది. అందుకే రంజాన్‌లో కోర్సు పడితే సెహ్రీకి లేచే సంగతి డాక్టర్‌కి చెప్పండి. అలాగే యానాంలో మందు చవక అని అందరికీ తెలుసు. బాగా తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపినా మూర్ఛ రావచ్చు. ఇంటి పరువు కోసం ఆ నిజం దాచకండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు దూరం. యానాం నుంచి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడే ఈ మెషీన్ దొరికినా 30 సార్లు వెళ్లి రావాలంటే 1800 కిలోమీటర్ల ప్రయాణం. చేపల వేటకి పోయేవాడు, రోజుకూలీ, పసిపిల్లల తల్లి ఇది ఎలా చెయ్యగలరు? ఇక్కడ ఇంటివాళ్ల తోడు ఎంతో అవసరం. మంచం దిగడానికే ఓపిక లేని మనిషిని ఒంటరిగా బస్సెక్కించలేం. యానాం పుదుచ్చేరి ఇలాఖా, చుట్టూ ఆంధ్ర. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో, మొత్తం ఖర్చెంతో ముందే అడగండి. శరీర రోగాలకి ఇచ్చినట్టే మానసిక రోగాలకీ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఆ హక్కు కూడా అడగండి.

చివరిగా ఒక మాట, దోస్తులారా. ప్రాణం తీసుకోవాలన్న ఖయాల్ వస్తున్న మనిషికి ఆరు వారాల కోర్సు కోసం ఎదురుచూసే తీరిక లేదు. వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబర్ 14416, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. తావీజ్ కట్టినవాళ్లూ, దుఆ చేసేవాళ్లూ ఆ నంబర్ కూడా నొక్కండి. దుఆ ఇలాజ్‌కి ఎప్పుడూ అడ్డు కాదు.