బోదకాలు మందు వెనుక యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు విన్నంతనే విద్యావంతులైన తెలుగువారికి ఫోలిక్ ఆమ్లమో, ఆరియోమైసినో జ్ఞప్తికి వస్తుంది. బోదకాలు మందు ప్రసక్తి అరుదు. అయినను ఆయన పుట్టిన గోదావరి సీమ బాగా ఎరిగిన వ్యాధి అదే. మురుగు నిలిచే వీధులలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరి నుండి మరొకరికి చేరవేస్తుంది. ఈ జబ్బు సాధారణంగా ప్రాణం తీయదు. కాలు ఏనుగు పాదమై, కూలి పనికి పనికిరాక, పెళ్ళి సంబంధాలు తప్పిపోయి, మనిషిని నలుగురిలోకి రానీయదు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు చదువు సాఫీగా సాగలేదు. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. అదీ మద్రాసు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలు నుండి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఉష్ణమండల వ్యాధుల అంతు చూడవలెనన్న పట్టుదల ఆ దుఃఖం నుండి పుట్టినదే కావచ్చు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యశాస్త్రంలోనే చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తే పని చేశారు.

తరువాతి పదిహేనేండ్లకు పైగా ఆయన దృష్టి జీవరసాయన శాస్త్రం వైపు మళ్ళింది. ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి, కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల పరిశోధన పాఠ్యగ్రంథాలకెక్కాయి. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారిన పిమ్మట మొదటి తలంపు మళ్ళీ తలుపు తట్టింది.

ఈసారి అవసరం యుద్ధం వల్ల వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన వేలాది అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పటికి ప్రయత్నించిన ఆంటిమొనీ, ఆర్సెనిక్ మందులు సూదితో ఎక్కించవలసినవి, పురుగుతో పాటు రోగినీ బాధించేవి. సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ రసాయనవేత్తలు వరుసగా సమ్మేళనాలు తయారుచేయగా, హ్యూయిట్ బృందం ఫైలేరియా పురుగులున్న ఒక జాతి అడవి ఎలుకలపై వాటిని పరీక్షించింది. వానిలో నిగ్గు తేలినది డైఇథైల్ కార్బమజైన్, వ్యాపారనామం హెట్రజాన్. 1947లో ప్యూర్టోరికో రోగులపై ఫలితాలు వెలువడినవి. నోటితో మింగే బిళ్ళకే రక్తంలోని పిల్లపురుగులు త్వరత్వరగా తగ్గిపోయాయి. ఇది ఒక్కరి చేతి పని కాదు. దారి చూపినవాడు మాత్రం సుబ్బారావే.

వింతేమంటే, గాజు గొట్టంలోని పురుగులపై ఈ మందు ప్రభావం స్వల్పం. శరీరంలో మాత్రం రక్షణ వ్యవస్థ తోడ్పాటుతో పిల్లపురుగులను రక్తం నుండి ఏరివేస్తుంది. ముదిరి రాయిలా గట్టిపడిన కాలును మామూలుగా చేయదు. ఈ పరిమితి తెలియక రోగులు నిరాశపడటం కద్దు. దీని అసలు ప్రయోజనం దోమకు అందే పురుగును తగ్గించి ఇరుగుపొరుగులను కాపాడటం.

1948 ఆగస్టులో, యాభై మూడవ ఏట, స్వదేశానికి తిరిగి రాకుండానే సుబ్బారావు కన్నుమూశారు. భారతదేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైనప్పుడు ఆయుధం ఈ మందే. పిల్లపురుగులు రాత్రివేళనే పైరక్తంలోకి వస్తాయి గనుక, పొద్దుపోయాక సిబ్బంది ఇంటింటికీ తిరిగి వేలి కొస నుండి రక్తపు చుక్క తీసేవారు. చైనా వంటసోడా కలిపినంత తేలికగా ఈ మందును ఉప్పులో కలిపి ప్రజలకు పంచింది. అక్కడ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో గుర్తించింది. 2004 నుండి మన దేశంలోనూ వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా అందరిచేత ఈ బిళ్ళలు మింగించే పద్ధతి వచ్చింది. ఒక్కసారి మింగితే చాలదా అని జనం అడుగుతుంటారు. తల్లిపురుగు శరీరంలో ఏండ్ల తరబడి బ్రతికి మళ్ళీ పిల్లలు పెడుతుంది; అందుకే ఏటేటా మింగించవలసి వస్తున్నది.