మధుపూర్‌లో ఒక ఉదయం

కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో సెయింట్ జేవియర్స్ కాలేజీ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా చూపు మేడ మీదికి పోతుంది. 1875లో ఫాదర్ యూజీన్ లఫోం అక్కడ అబ్జర్వేటరీ కట్టించారు. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలకు గాలి ఉందా, అందులో నీటి ఆవిరి ఉందా అని వెతకడం నా ఉద్యోగం. ఈ ఊళ్లో ఆ పనికి మూలపురుషుడు ఆయనేనని నా నమ్మకం.

1865లో బెల్జియం నుంచి వచ్చిన జెస్యూట్ గురువు. జగదీశ్ చంద్ర బోస్‌కు భౌతికశాస్త్రం చెప్పింది ఆయనే. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. ఆ రోజు కోసం ఇటలీ నుంచి పియత్రో టక్కీని బృందం బెంగాల్‌కు వస్తే, లఫోం వాళ్లతో కలిశారు. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న మధుపూర్‌లో దుర్భిణులు నిలబెట్టారు.

ప్రపంచంలో చాలాచోట్ల ఆ సమయంలో గడియారాలు పట్టుకుని కూర్చున్నవాళ్లకు కావలసింది సూర్యుడి దూరం. టక్కీని మాత్రం స్పెక్ట్రోస్కోపు తెచ్చుకున్నారు. శుక్రుడి అంచును ఒరుసుకుని వచ్చే వెలుగును రంగులుగా విడదీసి, నీటి ఆవిరి గుర్తులు కనిపించాయని ప్రకటించారు. అక్కడ ఆవిరి లేశమాత్రమేననీ, నేల 460 డిగ్రీల వేడిలో ఉడుకుతోందనీ ఇవాళ మనకు తెలుసు. అయినా ఆ ప్రయత్నమంటే నాకు ఎంతో గౌరవం. 2002లో వేరే నక్షత్రపు గ్రహం గాలిలో మొదటిసారి సోడియం జాడ దొరికింది ఈ దారినే. గ్రహం తన నక్షత్రం ముందుకు వచ్చినప్పుడు, దాని గాలిలోంచి వడకట్టి వచ్చిన వెలుగును చదివారు. నేను రోజూ చేసేదీ అదే.

ఆ ఉదయమే మా విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు, తన మామగారు గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో కట్టించిన అబ్జర్వేటరీ నుంచి అదే నల్లచుక్కను చూసి, లండన్‌కు నివేదిక పంపారు. నేను చదివిన ఏ.వి.ఎన్. కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. నాకంటే ఎంతో ముందు అక్కడ చదివిన సి.వి. రామన్, ఉద్యోగానికి కలకత్తా వచ్చి, బౌబజార్‌లోని విజ్ఞాన సంస్థలో వెలుగు రహస్యం పట్టుకున్నారు. 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఆ సంస్థకు అండగా నిలిచినవారు లఫోం.

ఏ.వి.ఎన్. అన్న మూడక్షరాల మనిషి ఎవరో నాకు తెలిసింది కోల్‌కతా వచ్చాకే, లఫోం గురించి చదువుతుండగా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.