శారద కథలకు జీవితం ఎంతవరకు సాక్ష్యం?

తెనాలి హోటళ్లలో పనిచేస్తూనే ఎస్. నటరాజన్ 'శారద' పేరుతో కథలు, నవలలు రాశాడు. 1924లో తమిళనాట పుదుక్కోటలో పుట్టి, 1937లో తండ్రితో తెనాలికి వచ్చాడు. తెలుగు తెనాలిలోనే నేర్చుకున్నాడు. తొలి కథ 'ప్రపంచానికి జబ్బు చేసింది' 1946లో అచ్చయింది. 1955లో ముప్ఫై దాటీ దాటకుండానే చనిపోయాడు. భాష నేర్చుకోవడానికి తొమ్మిదేళ్లు, రాయడానికి తొమ్మిదేళ్లు. అంతలోనే 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' నవలలు, 'రక్తస్పర్శ' సంపుటిలోని కథలు వచ్చాయి.

ఇలాంటి జీవితం తెలిశాక, కథల్లోని కష్టమంతా రచయిత సొంతమేనని అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. స్నేహితుడు ఆలూరి భుజంగరావు రాసిన 'సాహిత్య బాటసారి శారద' రచయిత బతుకుకు విలువైన ఆధారం. ఫలానా పాత్ర ఫలానా మనిషేనని చెప్పడానికి అది చాలదు.

ఆస్ట్రియా రచయిత స్టీఫెన్ జ్వైగ్ 1922లో తెచ్చిన 'అమోక్' సంపుటి రచయిత జీవితానికీ పాత్రకూ ఉన్న ఈ తేడాను బాగా చూపిస్తుంది. అందులో ఐదు కథలున్నాయి. ఒకదాంట్లో పేరు తెలియని స్త్రీ ఒక రచయితకు ఉత్తరం రాస్తుంది. 'అమోక్' కథలో, కలకత్తాలో ఓడ ఎక్కిన ప్రయాణికుడికి ఒక డాక్టరు తన నేరం చెప్పుకుంటాడు. జ్వైగ్ 1908-09లో ఇండియా తిరిగాడు కనుక ఓడ ప్రయాణానికి ఆ అనుభవం తోడ్పడి ఉండవచ్చు. డాక్టరు వేదనకు మాత్రం ఆ ప్రయాణం రుజువు కాదు. 'నేను' అని మాట్లాడేవాళ్లంతా రచయిత కారు.

అలాగని జీవితాన్ని పక్కన పెట్టేయలేం. వియన్నాలో సంపన్న బట్టల మిల్లు యజమాని ఇంట పుట్టిన జ్వైగ్‌కు తీరిక ఉండేది. నటరాజన్‌కు హోటల్ పని తర్వాత మిగిలిన సమయమే దక్కింది. దేశం వదిలాక కూడా జ్వైగ్ జర్మన్‌లోనే రాశాడు. నటరాజన్ రాసింది పెరిగాక నేర్చిన తెలుగులో. ఈ తెలుగును మెచ్చుకోవడానికి జాలి అక్కర్లేదని నా అభిప్రాయం.

జీవితకథను కొంతకాలం దూరం పెట్టి, కథలను అచ్చయిన వరుసలో చదవాలి. మొదటి వాటికీ చివరి వాటికీ మధ్య వాక్యం, సంభాషణ, ముగింపు ఎలా మారాయో పోల్చాలి. నటరాజన్ రచయితగా ఎదిగిన తీరుకు సాక్ష్యం అక్కడ దొరుకుతుంది.